షేర్ల బేరం: ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూశారా?

సర్వస్తోత్రాలూ సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!

దివ్యఖుర్ఆన్‌లోని అన్నిసా సూరహ్ 29వ ఆయతులో అల్లాహ్ విశ్వాసులను సంబోధించి, ఒకరి సొమ్మును ఒకరు అధర్మంగా తినవద్దని వారించాడు. పరస్పర అంగీకారంతో జరిగే వ్యాపారానికి మాత్రం అనుమతి ఇచ్చాడు. ఆ వెంటనే, అదే ఆయతులో, మిమ్మల్ని మీరు చంపుకోవద్దని కూడా హెచ్చరించాడు. సంపాదన మాటా, ప్రాణం మాటా ఒకే ఆయతులో పక్కపక్కనే ఎందుకు వచ్చాయో, అప్పుల్లో మునిగి ప్రాణాలు తీసుకుంటున్నవారి వార్తలు పత్రికల్లో చదివే మనకు విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ నెల ఈ ఆయతు వెలుగులో ఒక కొత్త వ్యవహారాన్ని పరిశీలిద్దాం. నిజామాబాద్, బోధన్ ప్రాంతాల్లో మన యువకులు చాలామంది సెల్‌ఫోన్‌లో షేర్ల చార్టులు చూస్తున్నారు. టీ కొట్టు దగ్గర, జుమా నమాజు తర్వాత మస్జిద్ మెట్ల మీద కూడా ఇన్ఫోసిస్ ఎంతయింది, టీసీఎస్ ఎంత పడింది, అమెరికాలో ఎన్విడియా ఎక్కడిదాకా పోయింది అన్న మాటలే వినిపిస్తున్నాయి. వారిలో కొందరు వచ్చి, "మౌలానా సాబ్! ఇది హలాలా, హరామా? ఒక్క మాటలో చెప్పండి" అని అడుగుతున్నారు. ఒక్క మాటలో చెప్పడానికి ఇది ఒక్క పని కాదు. ఒకే తెర మీద, ఒకే వేలితో నొక్కి చేసే పనుల్లో ధర్మసమ్మతమైనదీ ఉంది, నిఖార్సయిన జూదమూ ఉంది. రెండింటినీ వేరుచేసి తెలుసుకోవడం ప్రతి ముస్లిం ఇంటికీ అవసరం.

షేరు అంటే భాగం

మొదట షేరు అంటే ఏమిటో చూద్దాం. బోధన్ ప్రజలకు ఇది ఎవరూ నేర్పనక్కరలేదు. శక్కర్‌నగర్‌లో 1937లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ నీడలో మన తాతలు బతికారు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారాల్లో ఒకటిగా దానికి పేరుండేది. చెరకు నరికిన రైతు, బండి తోలినవాడు, గానుగ దగ్గర నిలబడ్డ కార్మికుడు, లెక్కలు రాసిన గుమాస్తా అందరూ కలిస్తేనే అది కంపెనీ అయింది. 2002లో అందులో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో మిల్లు మూతపడింది. జీతాల బకాయిల కోసం కార్మికులు ఏళ్ల తరబడి తిరగాల్సి వచ్చింది. వాటా చేతులు మారడమంటే ఏమిటో, దాని వెనుక ఎందరి పొయ్యి ఉంటుందో ఈ ప్రాంతం చూసినంత దగ్గరగా ఎవరూ చూసి ఉండరు.

షేరు అంటే ఇలాంటి కంపెనీలో ఒక చిన్న భాగం. ఇస్లామీ ధర్మశాస్త్రంలో భాగస్వామ్యాన్ని షిర్కత్ అంటారు. లాభంలో పాలు, నష్టంలో పాలు ఉండే షిర్కత్ ధర్మసమ్మతమే. కాబట్టి కంపెనీ చేసే పని హలాల్ అయితే, కొన్ని షరతులకు లోబడి దాని షేరు కొనడం, ఉంచుకోవడం, లాభానికి అమ్మడం ధర్మసమ్మతమేనని అత్యధిక ధర్మవేత్తలు చెప్పారు. హజ్రత్ మౌలానా అష్రఫ్ అలీ థానవీ (రహ్మతుల్లాహ్ అలైహ్) కాలం నుంచీ మన దేశ ఉలమా ఈ విషయంపై ఫత్వాలు ఇస్తూనే ఉన్నారు.

అయితే ఇక్కడ ఒక మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. షేరు కొన్నవాడు భాగస్వామి. భాగస్వామి అయినవాడు తన దుకాణంలో ఏం అమ్ముతున్నారో తెలుసుకోవాలి. నాకు సంబంధం లేదు, నాకు రేటు పెరిగితే చాలు అని అతడు అనడానికి వీల్లేదు.

చార్టు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ఇక చార్టు సంగతి. తెర మీద కనిపించే ఎర్ర, పచ్చ కడ్డీలను క్యాండిల్స్ అంటారు. జపాన్ బియ్యపు వ్యాపారుల పద్ధతి నుంచి ఇవి వచ్చాయని చెబుతారు. ఒక్కో క్యాండిల్ నాలుగు సంగతులు చెబుతుంది. ఆ పూట ధర ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది, ఎంత పైకి పోయింది, ఎంత కిందికి దిగింది. మొదలైన ధర కన్నా ముగిసిన ధర ఎక్కువైతే పచ్చ, తక్కువైతే ఎరుపు. గత 200 రోజుల ముగింపు ధరల సగటు తీసి ఒక గీత గీస్తారు. ధర పడుతూ పడుతూ పలుమార్లు ఆగిన చోటును సపోర్టు అంటారు. పెరుగుతూ ఆగిన చోటును రెసిస్టెన్స్ అంటారు.

ఇందులో మంత్రం లేదు, తంత్రం లేదు. ఇది జరిగిపోయిన బేరాల లెక్క. గంజ్‌లో గుమాస్తా రాసుకున్న పాత చిట్టా లాంటిదే. చిట్టా చదవడం హరామ్ కాదు. ఏ ధరకు ఎంతమంది కొన్నారో తెలుసుకోవడం వ్యాపారికి ఉపయోగమే. కానీ చిట్టా చూసి రేపటి ధర నాకు తెలిసిపోయింది అన్నవాడు హద్దు దాటుతున్నాడు. రేపు తాను ఏం సంపాదిస్తాడో ఏ ప్రాణికీ తెలియదని లుఖ్మాన్ సూరహ్ చివరి ఆయతులో అల్లాహ్ స్పష్టం చేశాడు. అంచనా వేయడం వేరు, ఖాయం అని నమ్మడం వేరు. చార్టు చూపించి రేపటి ధరను హామీగా అమ్ముకునేవాడికీ, చెయ్యి చూసి జాతకం చెప్పేవాడికీ పెద్ద తేడా ఏముంది?

ఇక్కడ దైవప్రవక్త (స) మదీనా బజారులో చేసిన ఒక పని గుర్తుచేసుకుందాం. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనం ప్రకారం, ఆయన (స) ఒక ధాన్యపు రాశి దగ్గర ఆగారు. పైన గింజలు పొడిగా ఉన్నాయి. ఆయన రాశిలోకి చెయ్యి పెట్టగా వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని వర్తకుణ్ని అడిగారు. వానకు తడిసిందని అతడు చెప్పాడు. మరి తడిసిన గింజలను జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) నిలదీశారు. మోసం చేసేవాడికి తనతో సంబంధం లేదని తేల్చిచెప్పారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది.

ఈ హదీసులో అమ్మేవాడికి హెచ్చరిక ఉంది. కొనేవాడికి పాఠమూ ఉంది. ప్రవక్త (స) పైన చూసి ముందుకు సాగిపోలేదు. చెయ్యి లోపలికి పెట్టారు. మన నిజామాబాద్ మార్కెట్‌లో పసుపు కొనే వ్యాపారి కూడా అంతే. కుప్ప పైభాగం చూసి బేరం ఆడడు. లోపలి నుంచి కొమ్ము తీస్తాడు, విరుస్తాడు, లోపలి రంగు చూస్తాడు, తేమ చూస్తాడు. పదివేల రూపాయల పసుపుకు కొమ్ము విరిచి చూసే మనం, లక్ష రూపాయల షేరును పైనున్న గీత చూసి కొంటున్నాం. చార్టు రాశి పైభాగం మాత్రమే. లోపలి తడి అందులో కనబడదు.

సత్యం చెప్పిన పాఠం

ఈ మాటకు మన హైదరాబాద్‌లోనే పెద్ద సాక్ష్యం ఉంది. 1987లో హైదరాబాద్‌లో సత్యం కంప్యూటర్స్ మొదలైంది. తెలుగువారు గర్వంగా చెప్పుకున్న కంపెనీ అది. ఎందరో తెలుగు బిడ్డలు అందులో ఉద్యోగం చేసి అమెరికా వెళ్లారు. ఉత్తమ కంపెనీ నిర్వహణకు 2008లోనే గోల్డెన్ పీకాక్ అవార్డు అందుకుంది. ఆడిటర్లు పేరున్నవారు. షేరు న్యూయార్క్ ఎక్స్ఛేంజీలో కూడా నడిచేది. పైనుంచి చూస్తే రాశి తళతళలాడుతోంది.

2008 డిసెంబరు 16న సత్యం యాజమాన్యం తమ కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించింది. వాటాదారులు మండిపడటంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. షేరు బాగా పడింది. పడిన పెద్ద కంపెనీ షేరు మళ్లీ లేస్తుందన్న ఆశతో అప్పుడు కొన్నవారూ ఉన్నారు. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు లేఖ బయటికి వచ్చింది. పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలని చూపించగా, అందులో 5,040 కోట్లు అసలు లేనేలేవని ఆయనే రాశారు. లేని డిపాజిట్ల మీద 376 కోట్ల వడ్డీ కూడా రావాల్సి ఉందని లెక్క చూపించారు. ముందు రోజు 179 రూపాయల దగ్గర ముగిసిన షేరు, ఆ ఒక్క రోజులో 40 రూపాయలకు పడిపోయింది.

ఆ ఏడాది ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని చేజిక్కించుకుంది. 2013లో తనలో కలుపుకుంది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక న్యాయస్థానం రామలింగరాజుతో సహా 10 మందిని దోషులుగా ప్రకటించింది. ఆయనకు 7 ఏళ్ల జైలుశిక్ష విధించింది. ఆ తీర్పుపై వారు అప్పీలు చేసుకున్నారు. న్యాయస్థానం సంగతి న్యాయస్థానానిది. మనం ఆలోచించాల్సింది వేరే ఉంది. జనవరి 6న ఆ షేరు చార్టు చూసినవాడికి అందులో ఆ 5,040 కోట్ల లోటు ఏ గీతలోనైనా కనబడిందా? చార్టు అబద్ధం ఆడలేదు. జనం ఏ ధరకు కొన్నారో అదే చూపింది. జనమే తడి గింజలను పొడి గింజల ధరకు కొన్నారు.

అమ్మేవాడూ కొనేవాడూ నిజం చెప్పి, లోపాలు వెల్లడిస్తే వారి బేరంలో శుభం కలుగుతుందనీ, దాచిపెట్టి అబద్ధమాడితే ఆ బేరంలోని శుభం తుడిచిపెట్టుకుపోతుందనీ దైవప్రవక్త (స) బోధించారు. ఈ హదీసును ఉల్లేఖించినవారు హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి). ఆయన విశ్వాసుల మాత హజ్రత్ ఖదీజా (రజి)కి మేనల్లుడు, మక్కాలో పేరుమోసిన వర్తకుడు. ఈయన పేరు ఇంకో రెండుసార్లు మనకు వస్తుంది.

పెద్ద కంపెనీ అయితే చాలా?

కొందరు సోదరులు ఇలా అంటారు: "సత్యం సంగతి వేరు. మేము ప్రపంచంలోనే అతి పెద్ద కంపెనీల షేర్లు చూస్తాం. అవి మునుగుతాయా?" మంచి కంపెనీ వేరు, మంచి ధర వేరు. 2000 మార్చి 10న అమెరికా టెక్నాలజీ షేర్ల నాస్‌డాక్ సూచీ 5,048 పాయింట్లకు చేరింది. 2002 అక్టోబరు నాటికి అందులో 78 శాతం కరిగిపోయింది. మళ్లీ ఆ మెట్టు ఎక్కడానికి 2015 దాకా పట్టింది. సిస్కో అనే కంపెనీ అప్పుడూ మంచిదే, తర్వాతా లాభాలు గడిస్తూనే ఉంది. అయినా 2000లో శిఖరం మీద దాని షేరు కొన్నవాడు 20 ఏళ్లకు పైగా తన అసలు ధరను చూడలేదు. అదే కాలంలో మన దేశంలో కేతన్ పారిఖ్ అనే బ్రోకరు పెంటామీడియా, డీఎస్‌క్యూ సాఫ్ట్‌వేర్ వంటి షేర్లను ఆకాశానికి ఎత్తాడు. 2001లో అవి కుప్పకూలాయి. సెబీ అతన్ని 14 ఏళ్లపాటు మార్కెట్ నుంచి వెలివేసింది. ఇక ఈ మధ్య సంగతి: 2025 జనవరి 27న ఎన్విడియా షేరు ఒక్క రోజులో 17 శాతం పడింది. సుమారు 59 వేల కోట్ల డాలర్ల విలువ సాయంత్రానికి ఆవిరైంది.

ఇది నష్టం సంగతి. ధర్మం సంగతి చూస్తే, టెక్నాలజీ అన్న పేరు ఉన్నంతమాత్రాన కంపెనీ హలాల్ అయిపోదు. మొదటి షరతు, దాని ముఖ్య వ్యాపారం హలాల్ కావాలి. సాఫ్ట్‌వేర్ రాయడం, యంత్రాలు చేయడం స్వతహాగా హలాలే. కానీ ఆన్‌లైన్ జూదం ఆడించేదీ, ఫోన్‌లో వడ్డీ అప్పులు ఇచ్చేదీ కూడా టెక్నాలజీ కంపెనీ అనే చెప్పుకుంటుంది. మన పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల విషయంలోనూ ఆలోచించాల్సింది ఉంది. ఇన్ఫోసిస్ ఆదాయంలో నాలుగో వంతుకు పైగా, టీసీఎస్ ఆదాయంలో 30 శాతానికి పైగా బ్యాంకులు, బీమా, ఆర్థిక సంస్థలకు చేసే పనుల నుంచే వస్తోంది. కంపెనీ తాను వడ్డీ వ్యాపారం చేయడం లేదు, ఒక సేవ అమ్ముతోంది అని చాలామంది ధర్మవేత్తలు అనుమతించారు. వడ్డీ లావాదేవీకే నేరుగా తోడ్పడే పనిని కొందరు అభ్యంతరపెట్టారు. మనసుకు సందేహం ఉన్నవాడు వదిలేయడంలో నష్టం లేదు.

రెండో షరతు, కంపెనీ వడ్డీ అప్పుల మీద నడవకూడదు. ఈ కాలంలో వడ్డీ అంటని పెద్ద కంపెనీ దొరకడం కష్టం కనుక, వడ్డీ అప్పు మూడో వంతు లోపు, హరామ్ ఆదాయం 5 శాతం లోపు ఉండాలని ధర్మవేత్తలు హద్దు పెట్టారు. కొన్ని సంస్థలు 30 శాతం అంటాయి. ఇది వడ్డీకి ఇచ్చిన అనుమతి కాదు, గత్యంతరం లేని చోట గీసిన గీత. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ నిఫ్టీ50 షరియా అనే సూచీని ప్రచురిస్తోంది. వెతుకులాటకు అది పనికొస్తుంది.

మూడో షరతు, వచ్చిన డివిడెండులో వడ్డీ పాలు వేరుచేసి ఇచ్చేయాలి. కంపెనీ మొత్తం ఆదాయం 100 రూపాయల్లో 4 రూపాయలు వడ్డీ నుంచి వచ్చాయనుకోండి. మీకు 5,000 డివిడెండు వస్తే, అందులో 200 రూపాయలు పుణ్యాపేక్ష లేకుండా పేదలకు ఇచ్చేయాలి. అది దానం కాదు, మన అన్నంలోంచి రాయి ఏరివేయడం.

చేతిలో లేనిది అమ్మడం

ఇప్పుడు అసలు ప్రమాదం దగ్గరికి వద్దాం. హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఒకసారి దైవప్రవక్త (స)ను ఇలా అడిగారు. ఎవరైనా వచ్చి తన దగ్గర లేని వస్తువు కావాలంటారు, బేరం కుదుర్చుకుని ఆ తర్వాత బజారులో కొని ఇవ్వవచ్చా అని. నీ దగ్గర లేనిదాన్ని అమ్మవద్దని ప్రవక్త (స) ఆదేశించారు. ఈ హదీసు తిర్మిజీ, అబూదావూద్ గ్రంథాల్లో ఉంది. ధాన్యం కొన్నవాడు దాన్ని స్వాధీనం చేసుకోకుండా తిరిగి అమ్మకూడదని బుఖారీ, ముస్లింలలోని హదీసు చెబుతోంది.

మన దేశంలో 2023 జనవరి నుంచి షేర్లన్నీ, కొన్న మరుసటి పనిదినాన డీమ్యాట్ ఖాతాలో జమ అవుతున్నాయి. అలా ఖాతాలోకి చేరిన తర్వాత అమ్మడంలో ఇబ్బంది లేదు. ఉదయం కొని మధ్యాహ్నం అమ్మే ఇంట్రాడే బేరంలో షేరు ఖాతాలోకి రానే రాదు. చివరికి మిగిలేది ధరల తేడా ఒక్కటే. అందుకే మన ప్రాంత ఉలమాలో అత్యధికులు దీన్ని అనుమతించలేదు. లేని షేరును ముందు అమ్మి తర్వాత కొనే షార్ట్ సెల్లింగ్ అయితే హజ్రత్ హకీమ్ (రజి) అడిగిన ప్రశ్నే. బ్రోకరు దగ్గర వడ్డీకి డబ్బు తీసుకుని షేర్లు కొనే మార్జిన్ సదుపాయం నేరుగా వడ్డీయే.

ఇక ఫ్యూచర్లు, ఆప్షన్లు. 1992 మే నెలలో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ, ఆప్షన్ల ఒప్పందం ధర్మసమ్మతం కాదని తీర్మానించింది. ఆప్షన్ కొన్నవాడు షేరు కొనలేదు. ఫలానా తేదీ లోపు ధర ఇటు పోతుందని పందెం కట్టాడు. పోకపోతే కట్టిన సొమ్ము పోతుంది. ఒకడు గెలిచిందల్లా ఇంకొకడు ఓడిందే. కొత్త గింజ పండదు, కొత్త వస్తువు పుట్టదు. అల్‌మాయిదా సూరహ్ 90వ ఆయతులో అల్లాహ్ షైతాను పనిగా వర్ణించిన జూదానికి దీనికన్నా దగ్గరి రూపం ఇంకేముంటుంది?

నిజామాబాద్‌లో దీన్ని అర్థం చేసుకోవడం తేలిక. ఎన్‌సీడీఈఎక్స్ ఎక్స్ఛేంజీలో పసుపు ఫ్యూచర్లకు సరుకు అప్పగించే కేంద్రం మన నిజామాబాదే. అయినా ఆ తెర మీద పసుపు కొని అమ్మేవారిలో ఎందరు ఒక్క పసుపు కొమ్మును ముట్టుకుంటారు? ఇదే పంటకు ఇస్లాం ఒక హలాల్ దారి చూపింది. ప్రవక్త (స) మదీనాకు వచ్చేసరికి జనం రెండు మూడేళ్ల పంటకు ముందే డబ్బు ఇచ్చుకునేవారు. కొలత, తూకం, గడువు తెలిసి ఉండాలన్న షరతుతో ఆయన దాన్ని అనుమతించారు. దీన్నే సలమ్ అంటారు. ఇందులో కొనేవాడు పూర్తి ధర ముందే చెల్లిస్తాడు. ఆ డబ్బుతో రైతు విత్తనం కొంటాడు, కూలీలకు ఇస్తాడు, వడ్డీ వ్యాపారి గడప తొక్కడు. ఫ్యూచర్లలో ఇటు పూర్తి ధరా లేదు, అటు సరుకూ లేదు. రెండు వైపులా బాకీయే.

ఫలితం ఏమయిందో ప్రభుత్వ సంస్థే లెక్క తీసింది. 2024 సెప్టెంబరులో సెబీ వెల్లడించిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఫ్యూచర్లు, ఆప్షన్లు ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. వారి మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. తలా సుమారు 2 లక్షలు. వరుసగా నష్టపోయినవారిలో కూడా 75 శాతానికి పైగా ఆట మానలేదు. మద్యం, జూదాలలో కొంత లాభమున్నా వాటి పాపం ఆ లాభం కన్నా పెద్దదని అల్‌బఖరహ్ సూరహ్ 219వ ఆయతు తెలుపుతోంది. ఓడినవాడు మళ్లీ ఆ ఫోన్ దగ్గరికే వెళ్లడం చూస్తే ఆ మాట లోతు తెలుస్తుంది.

టిప్పుల ఉచ్చు

ప్రవక్త (స) నిషేధించిన బేరాల్లో నజష్ ఒకటి. కొనే ఉద్దేశం లేకుండా వేలంలో ధర పెంచి, పక్కవాడిని ఉచ్చులోకి లాగడమే నజష్. ఈనాడు అది సెల్‌ఫోన్ గ్రూపుల్లో జరుగుతోంది. తాము ముందే కొనిపెట్టుకున్న చిల్లర షేరును రేపు రెట్టింపు అవుతుందని వేలమందికి పంపుతారు. జనం ఎగబడగానే ధర లేస్తుంది, చార్టు పచ్చబడుతుంది. పంపినవాడు అమ్ముకుని జారుకుంటాడు. చివర కొన్నవాడి చేతిలో తడి గింజలు మిగులుతాయి. మనకు తెలియని టిప్పును ఇంకొకరికి పంపడం కూడా చిన్న తప్పు కాదు. దాన్ని నమ్మి ఒకరు ఇల్లు గుల్ల చేసుకుంటే, ఆ పంపిన వేలు కూడా జవాబు చెప్పుకోవాలి.

ఇది ఎవరి సొమ్ము?

సోదరులారా! ఇంతవరకు చెప్పినదంతా బేరం గురించి. ఇప్పుడు సొమ్ము గురించి ఆలోచించండి. మన జిల్లాలో ఎన్నో ఇళ్లు దుబాయ్, సౌదీ, కువైట్ డబ్బుతో నడుస్తున్నాయి. అన్న ఎడారి ఎండలో ఇటుకలు మోసి పంపిన సొమ్ము తమ్ముడి ఖాతాలో పడుతుంది. అది ఇల్లు కట్టడానికో, చెల్లి నిఖాహ్‌కో, అమ్మీ ఆపరేషన్‌కో పంపినది. అది తమ్ముడి సొమ్ము కాదు, అమానత్. అన్నను అడగకుండా దాన్ని ఆప్షన్లలో పెట్టి, పోయాక ఇంకా పంపమని అబద్ధం చెప్పే తమ్ముళ్ల గురించి ఏడుస్తూ చెప్పే తల్లులు మన బస్తీల్లో ఉన్నారు. అక్కడ పోయింది డబ్బు ఒక్కటే కాదు. అన్నదమ్ముల మధ్య నమ్మకం పోయింది. జూదం ద్వారా షైతాను మీ మధ్య శత్రుత్వం, ద్వేషం రగిలించాలనుకుంటున్నాడని అల్‌మాయిదా 91వ ఆయతు చెప్పింది సరిగ్గా ఇదే. అల్లాహ్ స్మరణ నుంచి, నమాజు నుంచి ఆపుతాడని కూడా అదే ఆయతు చెప్పింది. ఉదయం తొమ్మిదింపావు నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా మార్కెట్ నడుస్తుంది. జుహర్ నమాజులో నిలబడ్డవాడి మనసు జేబులోని ఫోన్ మీద ఉంటే, ఆ నమాజు సంగతి అతడే ఆలోచించుకోవాలి.

తల్లిదండ్రులారా! పిల్లవాడి చేతిలో ఫోన్ చూసి భయపడి తిడితే, వాడు చాటుగా ఆడతాడు. పక్కన కూర్చోబెట్టుకుని అడగండి: "బేటా, నువ్వు కొన్నది షేరా, పందెమా? కంపెనీ ఏం చేస్తుంది? డబ్బు ఎవరిది?" ఈ మూడు ప్రశ్నలకు నిలకడగా జవాబు చెప్పగలిగితే అతడు వ్యాపారి. తడబడితే అతన్ని ఆపవలసిన బాధ్యత మీది. ఇప్పటికే అప్పులో కూరుకుపోయినవాడు ఉంటే అవమానించకండి. ముందు ఆ ఆట ఆపించండి, ఉన్న అప్పు ఇంట్లో అందరికీ తెలిసేలా లెక్క వేయండి, కొద్దికొద్దిగా తీర్చే దారి చూపండి. పోయినదాన్ని అదే ఆటలో రాబడతానన్న మాట మాత్రం నమ్మకండి. ప్రాణం అన్ని అప్పుల కన్నా విలువైనదని అతనికి పదేపదే చెప్పండి. తౌబా తలుపు తెరిచే ఉంది.

ఆచరణకు నాలుగు మాటలు

మొదటిది, అప్పు చేసి గానీ, అమానత్ సొమ్ముతో గానీ షేర్లు కొనవద్దు. ఇంటి ఖర్చు, బాకీలు, జకాత్ పోగా మిగిలిన సొంత సొమ్ములో కొంత మాత్రమే పెట్టండి.

రెండోది, చార్టు తెరిచే ముందు కంపెనీ వార్షిక నివేదిక తెరవండి. ఏం అమ్ముతోంది, అప్పు ఎంత, వడ్డీ ఆదాయం ఎంత, లాభం చేతికి వస్తోందా లేక కాగితం మీదే ఉందా చూడండి. చదవడం రాకపోతే తెలిసినవారిని అడగండి. అదీ వీలు కాకపోతే వదిలేయండి. షేర్లు కొనకపోయినందుకు పరలోకంలో ఎవరూ ప్రశ్నించరు.

మూడోది, షేరు డీమ్యాట్ ఖాతాలోకి వచ్చాకే అమ్మండి. ఇంట్రాడే, షార్ట్ సెల్లింగ్, మార్జిన్, ఫ్యూచర్లు, ఆప్షన్ల జోలికి వెళ్లకండి.

నాలుగోది జకాత్. తిరిగి అమ్మే ఉద్దేశంతో కొన్న షేర్లకు, జకాత్ తేదీ నాటి మార్కెట్ ధర మొత్తంపై రెండున్నర శాతం ఇవ్వాలి. డివిడెండు కోసం ఏళ్లపాటు ఉంచుకునేవాడు కంపెనీ నగదు, సరుకు, రావలసిన బాకీలలో తన పాలుపై ఇస్తే సరిపోతుందని ధర్మవేత్తలు చెప్పారు. లెక్క తెలియకపోతే మొత్తంపై ఇవ్వడమే క్షేమం.

చివరగా మళ్లీ హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) మాటే. ఆయన ఒకసారి ప్రవక్త (స)ను సొమ్ము అడిగారు, ఆయన ఇచ్చారు. మళ్లీ అడిగారు, మళ్లీ ఇచ్చారు. మూడోసారి కూడా ఇచ్చి, ఈ సంపద పచ్చగా, తియ్యగా ఉంటుందని చెప్పారు. ఆశపడకుండా తీసుకున్నవాడికి అందులో శుభం ఉంటుందనీ, ఆబగా తీసుకున్నవాడు ఎంత తిన్నా కడుపు నిండనివాడిలా ఉంటాడనీ బోధించారు. ఆ రోజు నుంచి హజ్రత్ హకీమ్ (రజి) మరణించేదాకా ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. ఖలీఫాలు హజ్రత్ అబూబకర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి) ఆయన వాటా ఆయనకు ఇవ్వబోయినా తీసుకోలేదు. చెరకు పండించే నేల మీద పుట్టిన మనకు పచ్చదనం, తీపి రెండూ తెలుసు. తెర మీద పచ్చ క్యాండిల్ కనబడినప్పుడు ఈ హదీసు గుర్తుకు రావాలి.

ప్రళయదినాన దాసుడి పాదాలు కదలకముందే అడిగే ప్రశ్నల్లో, సొమ్ము ఎక్కడ నుంచి సంపాదించావు, ఎందులో ఖర్చు పెట్టావు అన్నవి కూడా ఉన్నాయని ప్రవక్త (స) తెలిపారు. ఆ రోజు ఎవరి చార్టూ ఎవరికీ పనికిరాదు.

ఓ అల్లాహ్! మా ఇళ్లలోకి వచ్చే ప్రతి రూపాయినీ హలాల్ చెయ్యి. కొద్దిదానిలో తృప్తిని, కష్టంలో శుభాన్ని ప్రసాదించు. మా యువకులను జూదం నుంచి, వడ్డీ నుంచి, నిరాశ నుంచి కాపాడు. దూర దేశాల్లో చెమటోడ్చే మా సోదరుల సొమ్మును, మా అన్నదమ్ముల మధ్య నమ్మకాన్ని భద్రంగా ఉంచు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్!